పసుపు అంటిన పాస్‌పోర్టు

ట్రావెల్స్ ఆఫీసులో ఉద్యోగమంటే విమానాల దగ్గర పని అనుకొని చేరే కుర్రవాళ్ళను ఇప్పటికీ చూస్తుంటాను. నేను అఫ్జల్‌గంజ్‌లోని ఒక ట్రావెల్స్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎక్కుతావా అని ఎవరూ అడగలేదు కూడా. నా పని ఫారాలు నింపడం, వాటిని పాస్‌పోర్టు ఆఫీసులో ఇచ్చి రావడం, పాస్‌పోర్టులు వచ్చాక గుడ్డసంచిలో పెట్టుకొని రైల్లో బొంబాయి పోయి వీసా ముద్రలు వేయించుకొని రావడం. గల్ఫ్ దేశాల కాన్సులేట్లు మన ఊళ్ళో ఉండేవి కావు. డెబ్బైల్లోనూ ఎనభైల్లోనూ పాతబస్తీ నుంచి ఆ దేశాలకు పోయిన మనిషి కంటే ముందు అతని పాస్‌పోర్టు బొంబాయి పోయి వచ్చేది. అట్లా మోసినవాళ్ళలో నేనొకణ్ణి.

మొన్న ఆ ఆఫీసు వాళ్ళు తమ చరిత్ర అంటూ ఒక చిన్న పుస్తకం అచ్చువేసి పంచారు. ఆఫీసు ముందు మొదట ఏ రంగు అంబాసిడర్ కారు ఉండేదో అందులో ఉంది. గోడగడియారం ఎవరిచ్చారో ఉంది. నా పేరు లేదు. అందుకని నేనే రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగా వచ్చాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు అక్కరకొచ్చేదే రాస్తాను.

దేశాల పేజీ

ఇప్పటివాళ్ళకు ఒక సంగతి తెలియదు. ఆ రోజుల్లో పాస్‌పోర్టు చేతికొచ్చినంత మాత్రాన ఎక్కడికైనా పోవడానికి లేదు. అది ఏయే దేశాలకు చెల్లుతుందో లోపల ఒక పేజీలో పేర్లు రాసి ఇచ్చేవాళ్ళు. ఆ పేజీలో పేరు లేకపోతే, ఆ దేశం రమ్మని పిలిచినా పోలేం. పరాయిదేశం వద్దనకముందే మన పుస్తకమే మనల్ని వద్దనేది. ఆ తర్వాత వీసా. పనికి పోయేవాళ్ళకు అదిగాక, పోవచ్చని మన ప్రభుత్వం వేసే ఎమిగ్రేషన్ ముద్ర. ఇవన్నీ దాటినవాడికే విమానం.

నేను చేరిన రెండో ఏడు మొఘల్‌పురాలో కుట్టుపని చేసే కరీం భాయ్ ఫారం నింపాను. పోయే దేశం అడిగి ఒక్క పేరు రాశాను. మా సేఠ్ నియమం అదే, అడిగినంతే రాయాలి, ఎక్కువ రాస్తే ఫైలు ఆగుతుందని. కరీం భాయ్‌కి పని ఇచ్చినవాళ్ళు పంపిన టికెట్టులో దారిలో ఇంకో దేశంలో దిగి, ఒక రోజు ఉండి, విమానం మారాల్సి ఉంది. ఆ దేశం పేరు పుస్తకంలో లేదు. బొంబాయి విమానాశ్రయం నుంచి వెనక్కి పంపారు. గల్లీ మొత్తం పూలదండలు వేసి సాగనంపిన మనిషి నాలుగో రోజు పెట్టెతో తిరిగొచ్చాడు. ఎక్కడికి పోతున్నావని అడిగావు, ఏ దారిన పోతున్నావని ఎందుకు అడగలేదని ఆయన నన్ను నిలదీశాడు.  పేజీలో రెండో పేరు చేర్పించి పంపేసరికి రెండు నెలలు పట్టింది. అప్పటినుంచి పోయే దారి అడగకుండా నేను ఫారం నింపలేదు. మీరూ నింపకండి.

సేఠ్ గారి శుక్రవారం

మా యజమానిని అందరూ సేఠ్ అనేవాళ్ళు. మూడు తరాలుగా ఇత్తడి సామాన్ల వ్యాపారం. గల్ఫ్‌కు పోయేవాళ్ళు పెరిగాక దుకాణం ముందుగదిలో బల్లలు వేసి ట్రావెల్స్ బోర్డు పెట్టాడు. వెనకగదిలో బిందెలూ గంగాళాలూ అట్లాగే ఉండేవి. మనిషి చెడ్డవాడు కాదు. కానీ నాకు చేతులున్న కుర్చీ ఇవ్వడానికి పదకొండేళ్ళు తీసుకున్నాడు. నా తర్వాత చేరిన టైపిస్టుకు మొదటి రోజే ఇచ్చాడు. దీని మీద మూడుసార్లు రాతపూర్వకంగా అడిగాను. కాపీలు ఉన్నాయి.

వాళ్ళింట్లో కొత్త ఖాతా పుస్తకం వస్తే దేవుడి ముందు పెట్టి పసుపూ కుంకుమా పెట్టడం ఆచారం. సేఠ్ ఆ ఆచారాన్ని పాస్‌పోర్టులకు తెచ్చాడు. ప్రతి శుక్రవారం బొంబాయి పోయే కట్టను లక్ష్మీదేవి పటం ముందు పెట్టించి, ఉంగరపు వేలితో పసుపు ముద్ద తీసి, పైన ఉన్న పాస్‌పోర్టు అట్ట మీద ఒక బొట్టు, దాని మీద కుంకుమ. ముదురు రంగు అట్ట కాబట్టి ఆరాక రాలిపోయేది. నేను రైల్లో కూర్చొని మిగిలింది తుడిచేవాణ్ణి. ముస్లింల పాస్‌పోర్టులైనా అంతే. వాళ్ళకు తెలిస్తే ఏమనేవాళ్ళో తెలియదు, మేం చెప్పేవాళ్ళం కాదు.

ఇది తప్పని నాకు మొదటినుంచీ తెలుసు. చెప్పలేదు. కుర్చీ కోసం మూడు అర్జీలు రాసినవాణ్ణి, దీని కోసం ఒక్కటీ రాయలేదు.

సుగుణమ్మ

ఉప్పుగూడలో మా ఇంటికి నాలుగు ఇళ్ళ అవతల సుగుణమ్మ ఉండేది. క్రైస్తవులు. భర్త యేసుదాసు రైల్వేలో గ్యాంగ్‌మన్. ఒక ఆడపిల్ల. సుగుణమ్మ ఒక కాన్పుల ఆసుపత్రిలో నర్సు. ఏడేళ్ళు చేసినా పర్మనెంట్ కాలేదు. ఒక గల్ఫ్ దేశపు ఆసుపత్రి నర్సులను తీసుకుంటోందని తెలిసి దరఖాస్తు రాసుకుంది. అనుమతి కాగితం వచ్చింది. దాని మీద ఒక తేదీ ఉంది. ఆ తేదీలోపు ఆ దేశంలో అడుగుపెట్టకపోతే కాగితం చెల్లదు. వాళ్ళు ముప్పై అయిదేళ్ళు నిండినవాళ్ళను తీసుకోరు. ఆమెకు ముప్పై నాలుగు నిండి ఎనిమిది నెలలు. ఇంకోసారి రాసుకొని కాగితం వచ్చేసరికి వయసు దాటిపోతుందన్నమాట.

మా ఆఫీసుకు నేనే తీసుకొచ్చాను. పాస్‌పోర్టు వచ్చిన రోజు ఆమె ఆసుపత్రిలో రాజీనామా ఇచ్చింది. తన తెల్లబూట్లు కూడా జూనియర్ నర్సుకు ఇచ్చేసింది. వీసా కోసం పాస్‌పోర్టును తానే తెచ్చి నా చేతికిచ్చింది.

మా ఆఫీసు నుంచి ఉద్యోగానికి పోయే మొదటి ఆడమనిషి ఆమె. సేఠ్‌కు అది శుభంగా తోచింది. ఆ శుక్రవారం అట్ట మీద బొట్టుతో ఆగలేదు. "ఆడబిడ్డ పుస్తకం, లచ్చిందేవే నడిచొచ్చినట్టు," అని పాస్‌పోర్టు తెరిచి లోపల ఫొటో పక్కన పసుపు పెట్టి, మీద కుంకుమ అద్దాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

సేఠ్ లోపలికి పోగానే నేను జేబురుమాలు తడిపి తుడిచాను. ఇక్కడ కొత్తవాళ్ళు జాగ్రత్తగా చదవాలి. ఆ పుస్తకాల్లో వివరాలన్నీ చేత్తో సిరాతో రాసేవాళ్ళు. తడి తగలగానే పసుపు పాకింది, దాంతోపాటు పుట్టిన తేదీ అంకెలు అలుక్కుపోయాయి. ఆపి ఉంటే ఒక బొట్టే ఉండేది. నేను ఇంకా తుడిచాను. ఫొటో మూల లేచింది. ఫ్యాను కింద ఆరబెట్టి, కట్టలో మధ్యన పెట్టి, ఎవరికీ చెప్పకుండా రైలెక్కాను. ఇరవై ఎనిమిది పాస్‌పోర్టుల మధ్య ఒక మచ్చను ఎవరు చూస్తారులే అనుకున్నాను.

బొంబాయి కిటికీ

చూశారు. కాన్సులేట్‌లో ఏజెంట్ల కిటికీ వేరు, ఎండలో నిలబడాలి. అక్కడి వాచ్‌మన్ మమ్మల్ని గోడకు ఆననిచ్చేవాడు కాదు, సున్నం పోతుందని. దాని మీద కూడా ఒక ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. కిటికీలోని గుమాస్తా కట్ట విప్పి, ఇరవై ఏడు పక్కన పెట్టి, ఒకటి నా వైపు విసిరాడు. కింద పడింది. వంగి తీసుకున్నాను. కొత్త పాస్‌పోర్టు తెచ్చుకోమన్నాడు.

మాకంటే ముందు పక్క కిటికీలో ఒక తెల్లదొర నిలబడ్డాడు. అతని పాస్‌పోర్టు అట్ట వంగిపోయి ఉంది. తెరిచినప్పుడు నా కళ్ళతో చూశాను, లోపలి పేజీ మీద టీ కప్పు అడుగు ముద్ర గుండ్రంగా ఉంది. అతనికి పది నిమిషాల్లో ముద్ర వేసి ఇచ్చారు. నేను గుమాస్తాతో ఆ సంగతే అన్నాను. అతను కోపం కూడా తెచ్చుకోలేదు.

"వో ఉన్‌కా పాస్‌పోర్ట్ హై," అన్నాడు. "యే తుమ్హారా హై." అది వాళ్ళ పాస్‌పోర్టు, ఇది మీది అని.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇంత నిజం చెప్పినవాడు ఇంకొకడు లేడు. అయినా అతని ముఖం నేను మరచిపోలేదు. మన పుస్తకాన్ని ఏ కిటికీలోనైనా ముందు అనుమానంతోనే తెరుస్తారు. వద్దనడానికి సాకు వెతుకుతారు. ఆ సాకు మన చేత్తో మనం ఇవ్వకూడదు, ఈ వృత్తి మొత్తం అంతే. నేను ఇచ్చాను.

అనుమతి కాగితం మీది తేదీకి ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి.

తుడిచిన మచ్చ

తిరిగొచ్చిన ఉదయం నేరుగా ఉప్పుగూడ పోయాను. సుగుణమ్మ పెట్టె సర్దుతోంది. చెప్పాను. ఆఫీసులో పూజలో పసుపు పడిందని, సేఠ్ పెట్టాడని, వీసా ఇవ్వలేదని. నా జేబురుమాలు సంగతి చెప్పలేదు.

ఆమె పాస్‌పోర్టు తీసుకొని కిటికీ దగ్గరికి పోయింది. వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఏడేళ్ళు రక్తపు మరకలు చూసిన మనిషి.

"గిది పెట్టిన మచ్చ గాదు నర్సింగన్నా," అంది. "తుడిచిన మచ్చ. ఎవరు తుడిచిండ్రు?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. యేసుదాసు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాళ్ళ పాప గోడకు ఆనుకొని నన్నే చూస్తోంది.

"నేనే," అన్నాను.

"తుడిచినంక నాకెందుకు చెప్పలే? ఆ దినమే చెప్తే వారం రోజులు మిగులుతుండె గద."

అది నిజమే. కొత్త పాస్‌పోర్టుకు ఆ రోజే దరఖాస్తు పెట్టి ఉంటే వారం కలిసొచ్చేది. తప్పు కంటే ఆ వారమే పెద్ద తప్పు. ఇన్నేళ్ళలో నన్ను అనరాని మాటలన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకు జవాబులు ఇప్పటికీ తయారుగా ఉన్నాయి. సుగుణమ్మకు మాత్రం లేదు.

పాడైన పాస్‌పోర్టు బదులు కొత్తది కావాలంటే ఎట్లా పాడైందో ప్రమాణం చేసి రాసివ్వాలి. అది నమ్మదగినట్టు లేకపోతే మళ్ళీ పోలీసు విచారణ మొదలు. విచారణ అంటే మూడు నెలలు. ఆ మధ్యాహ్నం సుగుణమ్మ, యేసుదాసు ఆఫీసుకు వచ్చారు. సేఠ్ వాళ్ళకు చాయ్ తెప్పించాడు. మర్యాదకు లోటు చేసే మనిషి కాదు.

"ఫికర్ జేయకమ్మా. ఇంట్ల పిల్ల పప్పుచారు ఒలకవోసిందని రాసియ్యి. ఎవడు జూడవొస్తడు?"

"నా బిడ్డ ఒలకవోయలే," అంది సుగుణమ్మ. "నేన్ గట్ల రాస్తే పుస్తకం భద్రంగ పెట్టుకోరానిదని నా పేరు మీద ఉంటది సేఠ్. మల్ల ఏ పని వడ్డా ముందుగాల గదే తీస్తరు. చేసినోళ్ళు రాయుండ్రి."

"నా ఆఫీసు కాగితం మీదనా? రేపటినుంచి నా ఫారాలు ఎవడు తీసుకుంటడమ్మా?"

"మా కాగితం ఎవరు తీసుకుంటరు మరి?" అని యేసుదాసు అన్నాడు. ఆ గదిలో అతను మాట్లాడింది అదొక్కటే.

సేఠ్ నా వైపు చూశాడు. చాయ్ తాగడం అయింది. ఎవరూ లేవలేదు. నేను టైపిస్టు బల్ల దగ్గరికి పోయి, తెల్లకాగితం తీసుకొని, నా పేరు మీద, మా ఇంటి చిరునామాతో రాశాను. పూజలో పసుపు పడిందని, దాన్ని తడిగుడ్డతో తుడిచి పాడుచేసింది నేనని, పాస్‌పోర్టుదారుకు ఇందులో ఏమీ తెలియదని. సేఠ్ పేరు రాయలేదు. అది ఆయన మీద దయతో కాదు. ఆయన పేరు ఉంటే ఆయన వకీలు దగ్గరికి పోతాడు, అప్పుడు రోజులు పోతాయి.

"నీ కర్మ," అన్నాడు సేఠ్. థాంక్స్ అనలేదు.

ఆఫీసరు

పాస్‌పోర్టు ఆఫీసులో నా కాగితం చదివిన ఆఫీసరు కోస్తా వైపు మనిషి. కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకొని చదివారు.

"పాస్‌పోర్టుకు పూజ చేశారా?"

"చేశాం సార్."

"ఈవిడ క్రిస్టియన్ కదండీ. ఈవిడకు తెలుసా?"

"తెలియదు సార్."

"కనీసం అడిగి చేయాల్సింది," అన్నారు.  ఇది ప్రభుత్వం వారి ఆస్తి అనీ, దీన్ని తుడిచే అధికారం నాకు ఎవరిచ్చారనీ అడిగారు. నేను ఇరవై రెండేళ్ళలో విన్న అన్ని చివాట్లలోకీ న్యాయమైనవి అవే.

సుగుణమ్మ మీద విచారణ జరిగి ఇంకా ఆర్నెల్లు కాలేదు కాబట్టి మళ్ళీ అక్కర్లేదని ఫైలు మీద రాశారు. దాని కిందే ఇంకో వాక్యం రాశారు. ఈ గుమాస్తా తెచ్చే ఫారాలు ఆరు నెలలు తీసుకోవద్దు అని.

పాస్‌పోర్టు ఆఫీసులోకి పోలేని గుమాస్తా ట్రావెల్స్‌కు దేనికి? సేఠ్ నన్ను తీసేయలేదు. వెనకగదిలోకి పంపాడు. ఆరు నెలలు ఇత్తడి బిందెలు తూకం వేశాను. నా కుర్చీలో, అంటే చేతులు లేని ఆ కుర్చీలోనే, ఇంకొకణ్ణి కూర్చోబెట్టాడు. పసుపు పెట్టింది ఎవరో ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళ పేర్లు ఆ అచ్చు పుస్తకంలో ఉన్నాయి.

నాంపల్లి ప్లాట్‌ఫాం

కొత్త పాస్‌పోర్టు పదిహేనో రోజు వచ్చింది. ఎమిగ్రేషన్ ముద్రకు ఇంకో రెండు రోజులు పట్టింది. ఆరు రోజులు మిగిలాయి. ఈసారి సుగుణమ్మ పుస్తకాన్ని ఏజెంటు చేతికి ఇవ్వనంది. తానే బొంబాయి పోయి, కిటికీలో తానే ఇచ్చి, ముద్ర పడ్డాక అక్కడినుంచే విమానం ఎక్కుతుంది. యేసుదాసు తోడు పోతాడు.

నేను తూకం పని వదిలేసి, చెప్పకుండా నాంపల్లి స్టేషన్‌కు పోయాను. దానికి నా జీతంలో సగం రోజు కోశారు. ఒక కాగితం మీద అంతా రాసి తీసుకుపోయాను. ఏ గేటు, ఎన్ని గంటలకు పోవాలి, సొంతంగా వచ్చేవాళ్ళ కిటికీ ఏది, వాచ్‌మన్ ఏమంటాడు, గోడకు ఆనకూడదని కూడా రాశాను. ఆమె అది చదువుకొని మడిచి పెట్టుకుంది.

ఒకసారి పాస్‌పోర్టు చూస్తానని చెయ్యి చాచాను. అలవాటు. కిటికీకి పోయేముందు పేరూ, తేదీలూ, దేశాల పేజీ, ఫొటో మీద ముద్ర చూడకుండా నేను దేన్నీ పంపలేదు.

ఆమె సంచి విప్పి పుస్తకం తీసింది. నా చేతిలో పెట్టలేదు.

"నేన్ పట్టుకుంట. నువ్వు సదువు," అంది.

ప్లాట్‌ఫాం మీద జనం తోసుకుంటున్నారు. నేను చేతులు వెనక్కి కట్టుకొని వంగి చదివాను. తిప్పమన్నప్పుడు ఆమె పేజీ తిప్పింది. మునివేళ్ళతో, అంచు పట్టుకొని. పేరు సరిగ్గా ఉంది. తేదీలు సరిగ్గా ఉన్నాయి. ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద, ఉండాల్సినట్టే ఉంది. అంతా సరిగ్గా ఉందని చెప్పాను. ఆమె పుస్తకాన్ని ఉతికిన తువ్వాలులో చుట్టి లోపల పెట్టుకుంది. 

యేసుదాసు వారం తర్వాత నన్ను వెతుక్కుంటూ వెనకగదికి వచ్చాడు. బిందెల మధ్యన కూర్చోబెట్టాను. అతను చెప్పిన గుర్తులను బట్టి కిటికీలో అదే గుమాస్తా. ఒక్కో పేజీని వెలుతురుకు పెట్టి చూశాడట. కొత్తది ఎందుకు తీసుకున్నావని అడిగితే ఆమె ఉన్నదున్నట్టు చెప్పిందట. అతను పక్కవాణ్ణి పిలిచి చెప్పి నవ్వాడట. రెండో రోజు సాయంత్రం ముద్ర వేసి ఇచ్చాడు. తేదీకి ఒక్కరోజు ముందు ఆమె ఆ దేశంలో దిగింది. టెలిగ్రాం వచ్చింది.

"నా గురించి ఏమన్నా అన్నదా?" అని అడిగాను.

 అతను లేని మాట కల్పించే మనిషి కాదు.

"కాగితం మంచిగ రాసిండు అన్నదన్నా. గేటు, కిటికీ, అన్నీ నువ్వు రాసినకాడ్నే ఉన్నయంట."

"ఇంకేం అనలేదా?"

"లేదన్నా."

అతను పోయాక తూకానికి రెండు బిందెలు మిగిలి ఉన్నాయి. వేశాను.